పండులోని వగరు, పైబడే వయసు: ఏ భాగం తినాలి, ఎలా తినాలి

నేరేడుపండు తిన్నాక నాలుక ఊదారంగుకు తిరుగుతుంది, నోరు పిడచకట్టుకుపోతుంది. ఆ రంగు ఆంథోసయనిన్లది, ఆ పిడచ టానిన్లది. టానిన్లు లాలాజలంలోని ప్రొటీన్లను పట్టుకుని ముద్దకట్టిస్తాయి కాబట్టే నోరు బిగుసుకున్నట్టు అనిపిస్తుంది. పండ్లకూ వయసు పైబడటానికీ మధ్య సంబంధం ఏమిటని ప్రయోగశాలల్లో పరీక్షిస్తున్న పదార్థాల్లో చాలా భాగం ఈ వగరు, చేదు, రంగు కుటుంబానివే. మనం మాత్రం తొక్క చెక్కి, పొర ఒలిచి, రసం వడకట్టి, పైన చక్కెర వేసి, సరిగ్గా వాటినే చెత్తబుట్టలో పడేస్తాం. వాటిని దక్కించుకోవడం ఎలాగో, ఎవరు ఎక్కడ ఆగాలో ఇక్కడ చెబుతాం. అంతకుముందు, వాటి నుంచి ఎంత ఆశించవచ్చో తేల్చుకోవాలి.

ఎంత ఆశించాలి

1956లో డెన్హామ్ హార్మన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త, ఒంట్లో పుట్టే ఫ్రీ రాడికల్స్ అనే చురుకైన అణువులు కణాలను దెబ్బతీయడమే ముసలితనానికి మూలమని ప్రతిపాదించారు. అలాగైతే వాటిని అడ్డుకునే యాంటీఆక్సిడెంట్లు ఎంత ఎక్కువ మింగితే అంత మంచిదని లోకం అనుకుంది. ఫిన్లండ్‌లో పొగతాగే మగవాళ్లు 29 వేల మందికి పైగా పాల్గొన్న పరీక్షలో రోజుకు 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ అనే యాంటీఆక్సిడెంట్ మాత్ర ఇచ్చి చూశారు. మాత్ర వేసుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గలేదు సరికదా, 18 శాతం పెరిగింది. ఆ ఫలితం 1994లో వచ్చింది. ఏ పండులో ఎంత యాంటీఆక్సిడెంట్ శక్తి ఉందో చెప్పే పట్టికను అమెరికా వ్యవసాయ శాఖ 2012లో తన వెబ్‌సైట్ నుంచి తీసేసింది. పరీక్షనాళికలో కనిపించే శక్తి ఒంట్లో అలాగే పనిచేస్తుందనడానికి ఆధారం లేదన్నదే కారణం. అయినా పండ్లరసం డబ్బాల మీద ఆ అంకెలు ఇంకా కనిపిస్తుంటాయి. వాటిని చూసి కొనకండి.

ఇప్పటి అవగాహన వేరు. ఈ పదార్థాలు రక్తంలోకి చేరేది చాలా స్వల్పం. అంత స్వల్ప మోతాదుతో ఫ్రీ రాడికల్స్‌ను ఎదురుగా నిలబడి తుడిచేయడం కుదరదు. ఇవి కణానికి చిన్న హెచ్చరికలా పనిచేస్తాయని, దాంతో కణం తన సొంత రక్షణ ఎంజైములను మేల్కొలుపుతుందని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. మరికొన్ని పదార్థాలు పేగుల్లోని బాక్టీరియా చేతిలో పడి కొత్త పదార్థాలుగా మారాకే పనికొస్తాయి.

మోతాదు లెక్క కూడా ఒకసారి వేసుకోండి. స్ట్రాబెర్రీలో ఉండే ఫిసెటిన్ అనే పదార్థం ముసలి ఎలుకల ఆయుష్షు పెంచిందని 2018లో ఒక పరిశోధన వచ్చింది. మనుషుల మీద జరిపే పరీక్షల్లో వాడే మోతాదు కిలో శరీర బరువుకు 20 మిల్లీగ్రాములు. 60 కిలోల మనిషికి 1,200 మిల్లీగ్రాములన్నమాట. కిలో స్ట్రాబెర్రీల్లో ఉండేది సుమారు 160 మిల్లీగ్రాములే. అంటే రోజుకు ఏడున్నర కిలోల పండ్లు తినాలి! పైగా అమెరికా ప్రభుత్వ వార్ధక్య పరిశోధన సంస్థ తరఫున తర్వాత జరిగిన ఎలుకల పరీక్షలో ఫిసెటిన్ ఆయుష్షు పెంచలేదు. ద్రాక్ష తొక్కలోని రెస్వెరట్రాల్ కథా అంతే. ఇటలీలోని కియాంటీ ప్రాంతంలో 65 ఏళ్లు దాటిన 783 మందిని తొమ్మిదేళ్లు గమనించారు. ఆహారం ద్వారా అది ఎక్కువ అందినవారు ఎక్కువ కాలమేమీ బతకలేదని 2014లో తేలింది.

కాబట్టి ఒక్క పదార్థం పేరు పట్టుకుని పరుగెత్తకండి. పండును పండుగా తినేవారి విషయంలో మాత్రం ఆధారాలు గట్టివి. అమెరికాలో వేలమంది నర్సులను, వైద్యరంగ ఉద్యోగులను దశాబ్దాల పాటు గమనించి 2021లో వెలువరించిన అధ్యయనంలో, రోజుకు రెండు వడ్డనల (సర్వింగ్‌ల) పండ్లు, మూడు వడ్డనల కూరగాయలు తినేవారిలో మరణాల ముప్పు అందరికంటే తక్కువగా కనిపించింది. పండ్లరసానికి ఆ ప్రయోజనం కనిపించలేదు. 2013లో వచ్చిన మరో అధ్యయనంలో బ్లూబెర్రీ, ద్రాక్ష, ఆపిల్ వంటి పండ్లు కొరికి తినేవారిలో మధుమేహం తక్కువగానూ, రసం తాగేవారిలో కాస్త ఎక్కువగానూ ఉంది. ఇవి మనుషుల అలవాట్లను గమనించి చెప్పినవి, కాబట్టి పండే కారణమని ఖాయంగా అనలేం. కానీ రసం, పండు ఒకటి కాదన్న మాట మాత్రం మళ్లీ మళ్లీ తేలుతోంది.

కడగడం: తొక్క తినాలంటే ముందు ఇది

ఆపిల్‌లో క్వెర్సెటిన్ అనే పదార్థం దాదాపు అంతా తొక్కలోనే ఉంటుంది. ద్రాక్షలో రంగు తొక్కది. జామపండును తొక్కతోనే తింటాం. తొక్క తినమంటే పురుగుమందుల భయం ఎదురొస్తుంది, అది న్యాయమైన భయమే. ఆపిల్‌తో చేసిన ఒక పరీక్షలో మామూలు నీళ్ల కన్నా వంటసోడా నీళ్లు పైనున్న మందులను బాగా వదిలించాయి. లీటరు నీళ్లకు 10 గ్రాములు, అంటే రెండు చెంచాల వంటసోడా కలిపి, పండ్లను 12 నుంచి 15 నిమిషాలు నానబెట్టి, చేత్తో రుద్ది, మంచినీళ్లతో రెండుసార్లు కడగండి. రెండు నిమిషాలు ముంచి తీస్తే ఫలితం ఉండదు. లోపలికి ఇంకిన మందు కొంత ఎలాగూ మిగులుతుంది. ఆ కాస్తకు భయపడి తొక్క మానేస్తే పోయేదే ఎక్కువ.

నేరేడు, స్ట్రాబెర్రీలను మాత్రం సోడాలో నానబెట్టకండి. వాటి పొర పలచన, ఎక్కడో చిట్లి ఉంటుంది. ఆంథోసయనిన్ పులుపులో ఎర్రగా ఉంటుంది, క్షారం తగిలితే నీలానికి, ఆకుపచ్చకు తిరిగి చెడిపోతుంది. వీటిని జల్లెడలో వేసి పారే నీళ్ల కింద కడిగితే చాలు. తినబోయే ముందే కడగండి. ముందే కడిగి తడిగా దాస్తే త్వరగా బూజు పడుతుంది.

దానిమ్మ: గింజ ఒక్కటే కాదు

వార్ధక్య పరిశోధనలో ఎక్కువగా వినిపించే పండు ఇదే. దీనిలోని ఎల్లాజిటానిన్లు అనే వగరు పదార్థాలను మన పేగుల్లోని కొన్ని బాక్టీరియా యూరోలిథిన్-ఎ అనే పదార్థంగా మారుస్తాయి. పాడైన మైటోకాండ్రియాను, అంటే కణాల్లో శక్తిని తయారుచేసే భాగాలను, ఏరి పారేసే పనికి ఇది ఊతమిస్తుంది. నులిపురుగుల జాతికి చెందిన ఒక సన్నని పురుగులో ఇది ఆయుష్షును సుమారు 45 శాతం పెంచిందని 2016లో వెల్లడైంది. మనుషులకు నేరుగా యూరోలిథిన్ ఇచ్చి 2022లో వెలువరించిన ఒక పరీక్షలో నడివయసువారి కండరాల బలం కాస్త పెరిగింది. వృద్ధుల మీద అదే ఏడాది వచ్చిన మరోదానిలో ఆరు నిమిషాల్లో నడిచే దూరం చెప్పుకోదగ్గంతగా మెరుగుపడలేదు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఆ బాక్టీరియా అందరి పేగుల్లోనూ తగినంత ఉండదు. వందమందికి గ్లాసెడు దానిమ్మ రసం ఇచ్చి చూస్తే, సుమారు 40 మందిలోనే యూరోలిథిన్ చెప్పుకోదగ్గంతగా తయారైంది. మీరు ఏ గుంపులో ఉన్నారో ఇంట్లో తెలుసుకునే దారి లేదు. అందుకే దానిమ్మ ఒక్కదాని మీదే భారం వేయకుండా పండ్లు మార్చి మార్చి తినమంటాం. పేగుల్లోని బాక్టీరియాకు పీచు కూడా మేతే కాబట్టి, రసం కన్నా గింజలు నమలడమే మేలు.

కొనేటప్పుడు ఎరుపును చూసి మోసపోకండి. చేతిలో బరువుగా ఉండాలి, తొక్క బిగుతుగా ఉండి పక్కలు కొద్దిగా పలకలు తేలి ఉండాలి. గుండ్రంగా నున్నగా ఉన్నది చాలాసార్లు ముదరనిది. కోశాక ఈ పండు మాగదు, పచ్చిది తెచ్చి పెట్టుకుంటే పచ్చిగానే ఎండిపోతుంది. అనంతపురం తోటల్లోనూ, మార్కెట్లోనూ ఎక్కువగా కనిపించే భగువా రకంలో గింజ ముదురెరుపు, విత్తనం మెత్తన. పళ్లు గట్టిగా లేనివారికి అదే నయం. కోయని పండు ఫ్రిజ్‌లో కొన్ని వారాలు ఆగుతుంది, ఒలిచిన గింజలు మూత డబ్బాలో మూడు నాలుగు రోజులే. లోపల నల్లబడి మెత్తబడిన గింజల గుత్తి కనిపిస్తే అది బూజు తెగులు. దాని చుట్టూ కోసి మిగతాది తినే ప్రయత్నం చేయకుండా పండు మొత్తం పారేయండి.

ఒలిచే పద్ధతి: తలమీది కిరీటం చుట్టూ పలచగా కోసి మూత తీయండి. లోపల తెల్లటి గోడలు గదులుగా కనిపిస్తాయి. ఆ గోడల వెంట తొక్క మీద నిలువు గాట్లు పెట్టి చేత్తో విప్పితే గింజలు చితకకుండా వస్తాయి. చిల్లుల గరిటెతో బాదితే రసం గోడకే పోతుంది. గింజలకు అంటుకున్న పసుపు పొరలను గోళ్లతో ఏరి శుభ్రం చేసే ఓపిక పెట్టుకోకండి. ఎల్లాజిటానిన్లు గింజల్లో కన్నా ఆ పొరలో, తొక్కలోనే ఎక్కువ. కాస్త పొర ఉండనిస్తే కొంచెం వగరు తగులుతుంది, అంతే. పండును పండుగా పిండిన రసంలో, గింజలు మాత్రమే పిండిన రసంలో కన్నా ఈ పదార్థాలు ఎక్కువ ఉండటానికీ కారణం ఇదే. అలాగని తొక్క పొడి చెంచాలకొద్దీ తినడం వేరే సంగతి. అంత టానిన్ మలబద్ధకం తెస్తుంది, తిండిలోని ఇనుమును ఒంటబట్టనివ్వదు, పైగా కొట్టిన మందులన్నీ ఉండేది ఆ తొక్క మీదే.

నేరేడు: మన ఊదాపండు

దుకాణాల్లో ఎండు బ్లూబెర్రీ పొట్లానికి వందలు పోసే ముందు జూన్, జూలైలలో రోడ్డు పక్క తట్ట చూడండి. బ్లూబెర్రీ రంగు ఏ కుటుంబానిదో నేరేడు రంగూ ఆ ఆంథోసయనిన్లదే. నేరేడు తిన్నవారి మీద అంత పెద్ద అధ్యయనాలు జరగలేదు, నిజమే. కానీ తాజాగా, చక్కెర కలపకుండా, పొరతో సహా తినగలిగే ఊదాపండు మనకు ఇంత అందుబాటులో మరొకటి లేదు.

అల్లనేరేడు అయితే గుజ్జు ఎక్కువ, చిట్టినేరేడు అయితే గుజ్జుతో పోలిస్తే పొర ఎక్కువ. రెండూ కొనదగ్గవే. ఎర్రటి మచ్చ లేకుండా నిండు నలుపుకు తిరిగినదే ఎంచుకోండి. ఇదీ కోశాక మాగేది కాదు. బయట రెండు రోజులు మించి ఆగదు. గాలి ఆడే డబ్బాలో, అడుగున కాగితం పరిచి ఫ్రిజ్‌లో పెడితే ఇంకొన్ని రోజులు.

ఏడాదికి సరిపడా దాచుకోవాలంటే గడ్డకట్టించడమే ఉత్తమం. కడిగి, బట్ట మీద ఆరబెట్టి, పళ్లెంలో ఒకే వరసగా పరిచి డీప్ ఫ్రీజర్‌లో నాలుగైదు గంటలు పెట్టండి. రాయిలా గట్టిపడ్డాక సంచిలోకి మార్చి, గాలంతా తీసి కట్టండి. తడిగా వేస్తే ముద్దకట్టి, తీసేటప్పుడు చితికిపోతాయి. మైనస్ 18 డిగ్రీల దగ్గర ఆరు నెలలు ఢోకా లేదు. తీశాక సగం కరిగి ఉండగానే తినండి. పూర్తిగా కరిగే దాకా బల్ల మీద వదిలేస్తే పండులోని ఎంజైమ్ గాలితో కలిసి రంగును గోధుమకు తిప్పేస్తుంది.

రసం తీయాలంటే కిలో పండుకు అరగ్లాసు నీళ్లు పోసి, స్టీలు గిన్నెలో, పొగలు వచ్చేదాకా, మరగనివ్వకుండా పది నిమిషాలు వెచ్చబెట్టి, చితిపి వడకట్టండి. ఆ వేడికి పొరలోని రంగు రసంలోకి దిగుతుంది, రంగు చెడగొట్టే ఎంజైమ్ నీరసిస్తుంది. చివర్లో నిమ్మరసం పిండితే ఎరుపు నిలుస్తుంది. అరగంట తెర్లనిస్తే గోధుమరంగు కషాయమే మిగులుతుంది. ఇనుప బాణలి, అల్యూమినియం గిన్నె ఈ పనికి వద్దు.

నేరేడు గింజల పొడి గురించి ఒక మాట. మధుమేహానికి మందు వేసుకుంటూ దానిపైన ఈ పొడి మొదలుపెడితే చక్కెర మరీ పడిపోయే ప్రమాదం ఉంది. డాక్టరుకు చెప్పకుండా మొదలుపెట్టవద్దు.

మామిడి, బొప్పాయి, పుచ్చ, జామ: ఇవి నూనె అడుగుతాయి

పసుపు, నారింజ, ఎరుపు గుజ్జులోని కెరోటినాయిడ్లు అనే రంగు పదార్థాలు నీటిలో కరగవు. కొవ్వు తోడు లేకపోతే పేగు దాటి సరిగా లోపలికి రావు. భోజనంలో మూడు నుంచి ఐదు గ్రాముల కొవ్వు, అంటే చెంచా నెయ్యి ఉంటే చాలు. పెరుగన్నంలో మామిడిపండు రసం పిండుకుని తినే అలవాటు ఈ లెక్కకు సరిగ్గా సరిపోతుంది. పొద్దున్నే పరగడుపున బొప్పాయి ముక్కలు ఒక్కటే తినేవారు పది పన్నెండు వేరుశనగ గింజలో, ఐదారు జీడిపప్పులో కలుపుకోండి.

పుచ్చకాయను తెచ్చిన వెంటనే ఫ్రిజ్‌లో తోసేయకండి. కోయని కాయను 21 డిగ్రీల దగ్గర రెండు వారాలు ఉంచితే దానిలోని లైకోపీన్ అనే ఎరుపు పదార్థం ఇంకా పెరిగిందని, చలిలో పెట్టినవాటిలో అలా జరగలేదని పరీక్షలో తేలింది. మన ఎండాకాలం గది 21 డిగ్రీలుండదు కాబట్టి నీడపట్టున మూడు నాలుగు రోజులు చాలు. కోశాక మాత్రం ఫ్రిజ్‌లోనే ఉంచి మరునాటికి ముగించండి. జామలో లోపల ఎర్రనిదాన్ని ఎంచుకుంటే లైకోపీన్ అదనంగా దొరుకుతుంది. విటమిన్ సి తెలుపులోనూ దండిగా ఉంటుంది, 100 గ్రాములకు 200 మిల్లీగ్రాముల వరకు. ముక్కలకు ఉప్పూకారం దట్టించడం మాత్రం తగ్గించండి.

మామిడిని కార్బైడ్‌తో మాగబెట్టడం నిషిద్ధం. పైన పసుపు, లోపల తెల్లగా గట్టిగా, వాసన లేకుండా ఉంటే అనుమానించండి. ముదురు కాయలు తెచ్చి ఎండుగడ్డిలో మాగవేసుకుంటే ఆ నాలుగైదు రోజుల్లోనే రంగు పదార్థాలు గుజ్జులో పెరుగుతాయి. మామిడి తొక్కలోనూ మంచివి ఉన్నా, కొందరికి పెదవుల చుట్టూ దురద, బొబ్బలు తెచ్చే జిగురూ అక్కడే ఉంది కాబట్టి దాన్ని వదిలేయమనే చెబుతాం.

ఉసిరి, బత్తాయి, అరటి

కార్తీకంలో వచ్చే పెద్ద ఉసిరి ఒక్క కాయ, తురిమి పెరుగులోనో పప్పులోనో దించాక కలిపితే, ఆ రోజుకు కావలసిన విటమిన్ సి అంతా అందుతుంది. అన్నంతోపాటు తింటే ఆకుకూరలోని ఇనుమూ బాగా ఒంటబడుతుంది. గాట్లు పెట్టి, పటిక నీళ్లలో నానబెట్టి, పాకంలో ఉడికించిన మురబ్బాలో వగరు చాలావరకు పోయి చక్కెర మిగులుతుంది. నిల్వపచ్చడిలో ఉప్పు ఎక్కువ, రక్తపోటు ఉన్నవారికి అది అసలు లక్ష్యానికే అడ్డం.

బత్తాయిలో హెస్పెరిడిన్ అనే పదార్థం ఉండేది తొనల చుట్టూ ఉండే తెల్లటి పొరలో. బండి దగ్గర పిండించుకుంటే పీచూ, ఇదీ బండి మీదే మిగిలిపోతాయి. తొనలు తొనలుగా తినండి.

అరటిపండు మంచిదే, కానీ మిక్సీలో దాని పొత్తు చూసుకోవాలి. అరటిలో పాలీఫినాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ ఎక్కువ, కోసిన ముక్క నల్లబడేది దానివల్లే. ఆపిల్, ద్రాక్ష వంటి పండ్లలో ఉండే ఫ్లేవనాల్స్ అనే పదార్థాలను అరటితో కలిపి స్మూతీగా ఇచ్చినప్పుడు రక్తంలోకి చేరినవి, వాటినే గుళికగా ఇచ్చినప్పటి కన్నా 84 శాతం తక్కువని 2023లో తేలింది. ఆపిల్, ద్రాక్ష, స్ట్రాబెర్రీలను అరటితో కలిపి తిప్పకండి. చిక్కదనం కావాలంటే మామిడి, బొప్పాయి, పెరుగు వాడండి.

ఎంత తినాలి, ఎవరు ఆగాలి

ఆరోగ్యంగా ఉన్నవారికి రోజుకు 200 గ్రాముల పండ్లు, రెండు విడతలుగా, వారంలో కనీసం నాలుగు రంగులు. మధుమేహం ఉంటే విడతకు 100 గ్రాములు మించకుండా, రసం జోలికి పోకుండా, గంటన్నర రెండు గంటల తర్వాత గ్లూకోమీటర్‌తో చూసుకుని ఏ పండు మీకు పడుతుందో రాసుకోండి. ఎక్కువైన చక్కెర రక్తనాళాల గోడల ప్రొటీన్లకు అంటుకుని వాటిని బిరుసెక్కిస్తుంది. వయసు పైబడటంలో అదీ ఒక భాగమే.

పంపరపనసలో, గ్రేప్‌ఫ్రూట్‌లో ఉండే ఫ్యూరనోకూమరిన్లు అనే పదార్థాలు మందులను విరిచే పేగు ఎంజైమ్‌ను ఆపేస్తాయి. ఆటోర్వాస్టాటిన్, సిమ్వాస్టాటిన్ వంటి కొలెస్ట్రాల్ మాత్రలు, కొన్ని బీపీ మందులు వాడేవారిలో మందు రక్తంలో పేరుకుపోతుంది. పొద్దున పండు, రాత్రి మాత్ర అని ఎడం పాటించినా ఆ ప్రభావం ఒక రోజు దాటి ఉంటుంది. డాక్టరును అడిగే దాకా ఆ పండు మానేయండి.

కిడ్నీ జబ్బు ఉన్నవారికి ఈ వ్యాసంలోని సలహాలు యథాతథంగా వర్తించవు. ఉద్దానం వంటి చోట ఈ మాట ఇంటింటికీ అవసరం. దానిమ్మ, అరటి, జామలలోని పొటాషియం కిడ్నీలు దెబ్బతిన్నవారి గుండె లయను తప్పించగలదు. స్టార్‌ఫ్రూట్ అయితే ఒక్క పండుకే ఆగని ఎక్కిళ్లు, మతి తప్పడం, మూర్ఛ వచ్చిన సందర్భాలున్నాయి. అది వారికి పూర్తిగా నిషిద్ధం. మిగతావి ఎన్ని గ్రాములో రక్తపరీక్ష చూసి డాక్టరే చెప్పాలి.

పళ్లు లేని పెద్దవాళ్లకు ఇంట్లో చాలామంది రసమే ఇస్తారు. దానికి బదులు జామను నిలువుగా కోసి విత్తనాల భాగం తీసేసి గుజ్జును చెంచాతో గీరి పెట్టండి. బొప్పాయిని మెదిపి అర చెంచా నెయ్యి కలపండి. దానిమ్మ గింజలను మిక్సీలో రెండు సెకన్లు మాత్రమే తిప్పి, పెద్ద కన్నాల జల్లెడలో గరిటెతో నొక్కితే గింజ పలుకులు పైన మిగిలి, గుజ్జుతో కూడిన చిక్కటి రసం దిగుతుంది. దాన్ని గ్లాసుతో కాకుండా చిన్న గిన్నెలో పోసి, చెంచాతో, భోజనం చివర్లో ఇవ్వండి.